సెల్ఫ్ తిరుగుతోంది, కరెంటు రావట్లేదు

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది విశాఖపట్నం మల్కాపురం. నాన్నగారు షిప్‌యార్డులో చేసి రిటైరయ్యారు, ఆయన కొన్న 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇంట్లోనే ఉంది. 2014లో హుద్‌హుద్‌కి షెడ్డు రేకు ఎగిరొచ్చి బానెట్ మీద పడింది, ఆ సొట్టతోనే అప్పట్నుంచి మూలనపడింది. నాన్నగారు పోయాక అమ్మేద్దామంటే మనసొప్పలేదు, ఆదివారాలు కూర్చుని ఒక్కోటీ నేనే బాగుచేసుకుంటున్నాను. ట్యాంకు దింపి కడిగించాను, కార్బొరేటర్ విప్పి శుభ్రం చేశాను, కొత్త బ్యాటరీ పెట్టాను, సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది కానీ ప్లగ్గుకి కరెంటు రావట్లేదు. తెలిసిన మెకానిక్ చూసి కాయిల్ పోయిందన్నారు, కొత్తది వేశాం, లాభం లేదు. నాలుగు ప్లగ్గులూ మార్చాను, అయినా లేదు. చివరికి పాయింట్లు, కండెన్సర్ కూడా వీడియోలు చూసి నేనే మార్చాను. ఇంతకుముందు ఇరవైసార్లు కొడితే ఎప్పుడో ఒక్కసారైనా ప్లగ్గులో చిన్న మెరుపు కనపడేది, పాయింట్లు మార్చాక అదీ పోయింది. పైగా కొత్త కాయిల్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది, ఇది కూడా పోయినట్టేనా? ఇప్పుడు ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చెయ్యాలంటున్నారు, అది బయట ఊరి నుంచి తెప్పించాలట, ఆ ఖర్చు వినేసరికి మా ఆవిడ బండిని పాత ఇనప సామాన్లకి వేసెయ్యమంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: డిస్ట్రిబ్యూటర్ తెప్పించకండి, బండిని ఇనప సామాన్లకీ వెయ్యకండి. మీ ఉత్తరంలో రెండు ముక్కలు రాశారు చూడండి, పాయింట్లు మార్చాక ఉన్న మెరుపు కూడా పోయిందని ఒకటి, కాయిల్ చురుక్కుమంటోందని ఇంకోటి, ఆ రెండూ కలిపి చదివేసరికి నాకు సగం బండి ఇక్కడినుంచే కనపడిపోయింది. పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్లో కరెంటు దారిని కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్చే కదా, మీ కొత్తవి ఎక్కడో బాడీకి తగులుకుని ఎప్పుడూ ఎర్త్ అయిపోయి ఉన్నాయి. అది బహుశా ఒక చిన్న ఫైబర్ వాషర్ దగ్గర జరిగిన పొరపాటు, అది కాకపోతే కొత్త కండెన్సరే లోపల షార్ట్ అయి ఉండాలి.

ఎలా చెప్పానంటారా. కాయిల్ లోపల రెండు చుట్లు ఉంటాయి, లావు తీగది ఒకటి, వెంట్రుకంత సన్న తీగది ఒకటి. తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటు లావు చుట్టులోంచి వెళ్లి డిస్ట్రిబ్యూటర్లో ఉన్న పాయింట్ల మీదుగా ఎర్త్‌కి పోతుంది. అలా పోతున్నంతసేపూ స్పార్క్ రాదు, ఈ సంగతి పదేళ్లు పని చేసినవాళ్లలో కూడా కొంతమందికి తెలీదు. పాయింట్లు విడిపోయిన ఆ క్షణంలో వస్తుంది స్పార్క్. మునిసిపాలిటీ పంపు జోరుగా వస్తున్నప్పుడు ట్యాపు టక్కున కట్టేస్తే గోడలో పైపు దడేల్‌మంటుంది కదా, ఇదీ అలాంటిదే, పారే కరెంటు ఒక్కసారి ఆగేసరికి దాని తాలూకు అయస్కాంతం కుప్పకూలి సన్న చుట్టులో 15 వేలో 20 వేలో వోల్టులు పుట్టిస్తుంది. ట్యాపు టక్కున కట్టడమన్నాను చూశారా, ఆ టక్కున అన్నది కండెన్సర్ చేసే పని, అది లేకపోతే పాయింట్లు విడిపోతుండగానే మధ్యలో మంట లేచి కరెంటు సాగుతూ సాగుతూ ఆగుతుంది, పాయింట్లూ కాలిపోతాయి, ప్లగ్గుకీ ఏమీ చేరదు.

ఇప్పుడు పాయింట్లు అసలు విడిపోనే లేదనుకోండి. స్పార్క్ సున్నా, కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది. మామూలు కాయిల్ లావు చుట్టు రెసిస్టెన్సు సుమారు 3 ఓమ్‌లు, 12 వోల్టులకి 4 ఆంపియర్లు, అంటే 48 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్ తీసుకెళ్లి డబ్బాలో పెట్టి మూత వేసినట్టు. మీరు తాళం ఆన్‌లో ఉంచి వైర్లు వెతుక్కుంటూ కూర్చున్నంతసేపూ ఆ కాయిల్ ఉడుకుతూనే ఉంది. కాబట్టి వేడెక్కింది కనక కాయిల్ పోయింది అనుకోకండి, వేడెక్కింది కనకే దాని లావు చుట్టు బతికే ఉంది, తాళం నుంచి కాయిల్ దాకా వైరింగ్ కూడా బానే ఉంది. అయితే ఒకటి, మంచి బండిలో కూడా ఇంజిన్ ఆగినప్పుడు పాయింట్లు మూసుకున్న చోట ఆగి తాళం ఆన్‌లో ఉండిపోతే కాయిల్ ఇలాగే కాలుతుంది, అందుకని వేడి ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, పాయింట్లు మార్చాక మెరుపు పోయిందని మీరు రాసిన మొదటి ముక్క కూడా ఉంది కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

ఈ తప్పు నేనూ చేశాను లెండి. కంచరపాలెంలో ఒక షెడ్డులో కుర్రాడిగా చేరిన మొదటి ఏడు, ఫియట్ టాక్సీ ఒకదానికి పాయింట్లు మార్చమని నాకు వదిలేసి మేస్త్రి టీకి వెళ్లారు. నేను మార్చాను, గ్యాపు చూశాను, మూత పెట్టాను, సెల్ఫ్ కొడితే చచ్చినట్టు ఊరుకుంది. డ్రైవరు ఒక పక్క రైలు టైమైపోతోందని గోల. మేస్త్రి వచ్చారు, స్క్రూడ్రైవర్ కూడా తియ్యలేదు, అరిచెయ్యి తిప్పి వెనకవైపు కాయిల్ మీద ఒక్క క్షణం ఆనించి "వాషర్ ఎక్కడ పెట్టావురా" అన్నారు. అది నా చొక్కా జేబులో ఉంది.

మీకూ మిగిలి ఉంటుంది, వెతకండి. లేదా ఉండాల్సిన పక్క కాకుండా రెండో పక్క పెట్టి ఉంటారు. ఆ అమరిక మనసులో పెట్టుకుంటే చాలు: పాయింట్లలో కదలని ముక్క ప్లేటుకి బిగిసి ఉంటుంది, అది ఎర్త్. కదిలే ముక్క, దాని స్ప్రింగు రేకు, కాయిల్ నుంచి వచ్చే వైరు, కండెన్సర్ వైరు, ఈ నాలుగూ ఒకదానికొకటి తగలాలి, బాడీకి మాత్రం చస్తే తగలకూడదు. ఈ నాలుగింటినీ పట్టుకునే బోల్టు డిస్ట్రిబ్యూటర్ గోడలోంచి వెళ్తుంది కాబట్టి దానికి చుట్టూ ఒక బుష్షు, అటూ ఇటూ ఫైబర్ వాషర్లు ఉంటాయి, ఇటుక రంగులోనో నల్లగానో, చూస్తే అట్టముక్కలా ఉంటాయి, పారేసేలా ఉంటాయి. అక్కడే దెబ్బ. ఇంకో చోటు కూడా చూడండి, వైరు చివర ఉండే రాగి లగ్గు బోల్టు బిగిస్తున్నప్పుడు దాంతోపాటే తిరిగిపోయి పక్కనున్న గోడకి ఆనుకుంటుంది, బిగించకముందు బానే ఉంటుంది, బిగించాక ఆనుతుంది, కంటికి దొరకదు.

కంటికి దొరకనిదానికి బల్బు ఉంది. పాత ఇండికేటర్ వైరింగులోంచి ఒక హోల్డరు, 5 వాట్ల బల్బు, 21 వాట్లది కాదు, చిన్నదే, రెండు మూరల వైరు, చివర్లకి రెండు మొసలి క్లిప్పులు. ఇదే టెస్ట్ ల్యాంప్. మీటర్ ఉంది కదా ఇదెందుకు అంటారు, మీటరు ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరుకి కూడా 12 వోల్టులు చూపించేస్తుంది, బల్బు కాస్త కరెంటు లాగుతుంది కనక నాసిరకం జాయింటు దగ్గర మసకబారి దొంగని పట్టిస్తుంది. ముందు బ్యాటరీ రెండు కొసలకీ పెట్టి బల్బే వెలుగుతోందో లేదో చూసుకోండి, నవ్వకండి, పోయిన బల్బు పట్టుకుని ఒక పూటంతా వైరింగు విప్పినవాళ్లని చూశాను.

కాయిల్ మీద రెండు చిన్న టెర్మినల్స్ ఉంటాయి. పాత కాయిల్స్‌కి ఎస్.డబ్ల్యు. అని, సి.బి. అని ముద్ర ఉంటుంది, స్విచ్ వైపు ఒకటి, పాయింట్ల వైపు ఒకటి, కొన్నిటికి ప్లస్సు మైనస్సు ఉంటాయి. బల్బు ఒక కొస ఇంజిన్ బ్లాకుకి తగిలించి తాళం ఆన్ చేసి రెండో కొస ఎస్.డబ్ల్యు. మీద పెట్టండి, వెలగాలి. అక్కడే ఉంచి ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి, కాస్త తగ్గినా వెలుగుతూనే ఉండాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే ఆరిపోతుంటే తాళం స్విచ్ లోపల అరిగిపోయిందన్నమాట, ఆన్‌లో కరెంటు ఇస్తుంది, స్టార్ట్‌లో ఇవ్వదు. మీ విషయంలో అది కాదనుకుంటున్నాను గానీ నలభై ఏళ్ల స్విచ్, ఒకసారి చూడ్డంలో తప్పులేదు.

తర్వాత సి.బి. మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. బల్బు టకటకా ఆరుతూ వెలుగుతుంటే పాయింట్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉన్నాయి, తప్పు ఇటు లేదు, ఎక్కువ వోల్టేజీ వైపు, అంటే కాయిల్ నుంచి ప్లగ్గుల దాకా చూసుకోవాలి. అలాగే వెలిగి ఉండిపోతే పాయింట్లు మూసుకోవట్లేదు, లేదా వాటిమీద పొర కట్టింది. అసలు వెలగకపోతే ఎర్త్ అయిపోయింది. మీది ఈ మూడోదే అవుతుంది చూడండి. అప్పుడు పాయింట్ల మధ్య ఒక విజిటింగ్ కార్డు ముక్క దూర్చండి, ఇప్పుడవి ఖాయంగా తెరిచి ఉన్నట్టే కదా, బల్బు వెలగాలి. వెలగలేదా, కండెన్సర్ వైరు ఊడదీయండి, అప్పుడు వెలిగితే కొత్త కండెన్సర్ షార్టు, దాన్ని పక్కనపడేసి పాతది పెట్టుకోండి. అప్పటికీ వెలగకపోతే వాషరో, లగ్గో, ఆ వైరు తొడుగు ఎక్కడైనా నలిగిందో, ఇంక వెతకాల్సిన చోటు అగ్గిపెట్టె అంత కూడా ఉండదు.

మరి మొదట ఎందుకు ఆగింది, పాయింట్లు మార్చకముందు కూడా రావట్లేదు కదా అంటారు. అది వేరే జబ్బు. ఇక్కడే మీ మెకానిక్కూ మీరూ ఇద్దరూ జారారు, బయటికి కనపడే లక్షణం ఒకటే కనక జబ్బు కూడా అప్పట్నుంచి ఇప్పటిదాకా ఒకటే అనుకున్నారు. మల్కాపురంలో ఇంటి కిటికీ ఊచలు ఎన్నేళ్లకి తుప్పుపడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు, అటు సముద్రం, ఇటు హార్బరు. అన్నేళ్లు కదలకుండా ఉన్న పాయింట్ల మీద కంటికి కనపడని పొర ఒకటి కడుతుంది, దానిగుండా కరెంటు పోదు. సెల్ఫ్ కొట్టగా కొట్టగా ఎప్పుడో ఒకసారి ఆ పొర చిట్లి ఒక్క దెబ్బ తగిలేది, అదే మీరు చూసిన మెరుపు. అప్పుడే ఒక గుడ్డకి పెట్రోల్ అద్ది పాయింట్లు తుడిచి, సన్న ఫైలుతో రెండు లాగులు లాగి, మంచి కాగితం ముక్క మధ్యలో పెట్టి ఇవతలికి లాగేసి ఉంటే కాయిల్ ఖర్చు, ప్లగ్గుల ఖర్చు, పాయింట్ల ఖర్చు ఏవీ ఉండేవి కావు. ఎమిరీ కాగితం మాత్రం వాడకండి, దాని రవ్వలు పాయింట్లలో దిగబడి మళ్లీ మొదటికొస్తుంది. కొత్త పాయింట్లకి కూడా తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు నూనె పూసి పంపుతారు, దాన్ని తుడవకుండా వేస్తే పరిస్థితి అదే.

సరే వాషర్ సంగతి తేలాక గ్యాపు. నాలుగో గేరులో వేసి బండిని మెల్లగా ముందుకి తొయ్యండి, ప్లగ్గులు విప్పి ఉంచితే తేలిగ్గా కదులుతుంది, పాయింట్ల ఫైబర్ మడమ క్యామ్ (షాఫ్టు మీద తిరుగుతూ పాయింట్లని తెరిచే ముక్క) శిఖరం మీదికొచ్చిన చోట ఆపండి, అక్కడ గ్యాపు 0.4కీ 0.5కీ మధ్య, 0.45 మిల్లీమీటర్లు పెట్టుకుంటే మీ ఇంజిన్‌కి సుఖంగా ఉంటుంది. ఫీలర్ గేజి కొనుక్కోండి. హ్యాక్సా బ్లేడు పెట్టి చూసే అలవాటు మనవాళ్లకి ఉంది, ఆ బ్లేడు మందం 0.6 దాటే ఉంటుంది, ప్లగ్గుకైతే పర్లేదు, పాయింట్లకి ఎక్కువైపోతుంది. క్యామ్ మీద బియ్యపు గింజంత గ్రీజు, అంతకుమించి వద్దు, ఎగిరి పాయింట్ల మీద పడుతుంది.

సి.బి. దగ్గర బల్బు టకటకలాడాక కూడా ప్లగ్గుకి రాకపోతే అప్పుడు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మధ్యలోకి వెళ్లే లావు వైరు మూతలోంచి పీకి, ప్లాస్టిక్ పిడి ఉన్న పటకారుతో పట్టుకుని, కొసని బ్లాకుకి అర అంగుళం లోపు దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి, కార్బొరేటర్ పక్కన పెట్రోల్ కారి లేకుండా చూసుకోండి. నీలంగా ఠపఠపమని దూకితే కాయిల్ దాకా అంతా క్షేమం. అక్కడ వచ్చి ప్లగ్గుకి రాకపోతే రోటరో (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గు వైరుకీ కరెంటు అందించే ముక్క) మూతో. రోటర్ని పరీక్షించడం సులువు, మూత తీసి ఆ లావు వైరు కొసని రోటర్ ఇత్తడి రేకుకి దగ్గరగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి, స్పార్క్ రోటర్ మీదికి దూకితే అది లోపల్నుంచి కింద షాఫ్టుకి లీకైపోతోందని అర్థం, మంచి రోటర్ మీదికి దూకదు, దానికి వెళ్లే దారి ఉండదు కనక. మూత లోపల మధ్యలో చిన్న కార్బన్ బొడిపె స్ప్రింగు మీద ఆడుతూ ఉండాలి, మూలపడ్డ బండ్లలో అది ఇరుక్కుపోయి ఉంటుంది. నాలుగు ప్లగ్గు వైర్లు తిరిగి పెట్టేటప్పుడు, ప్లగ్గులకి స్పార్క్ వెళ్లే వరస 1-3-4-2.

ఇంకో రెండు ముక్కలు, పనికిరావు గానీ చెప్పకుండా ఉండలేను. మన మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్ని డెల్కో అంటారు కదా, అమెరికాలో డేటన్ అనే ఊళ్లో చార్లెస్ కెటరింగ్ వాళ్లు 1909లో పెట్టిన డేటన్ ఇంజినీరింగ్ లేబొరేటరీస్ కంపెనీకి పొట్టి పేరు అది, ఈ కాయిలూ పాయింట్ల పద్ధతిని కార్లకి కుదిర్చింది కెటరింగే, మీరు ఆదివారం పూట కుస్తీపడుతున్నది వందేళ్లు దాటిన ఆలోచనతో. రెండోది, మీ నాన్నగారు చేసిన షిప్‌యార్డుని 1941లో మొదలుపెట్టిన సింధియా కంపెనీ వాల్‌చంద్ హీరాచంద్‌ది, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టింది కూడా ఆయనే. మీ ఇంటిపక్క సింధియా జంక్షన్‌కి ఆ పేరు అలాగే వచ్చింది. జీతం ఇచ్చిన గేటుకీ, ఆ జీతంతో కొన్న కారుకీ మూలపురుషుడు ఒక్కడే, ఈ మాట మీ ఆవిడకి చెప్పి చూడండి, ఇనప సామాన్ల ప్రస్తావన ఓ నెలైనా వాయిదా పడొచ్చు.

అదే పాఠకుడు, మూడు వారాల తర్వాత: గురువుగారూ, వాషర్ దొరికింది! కొత్త పాయింట్ల ప్యాకెట్లోనే ఉండిపోయింది, ఎక్స్‌ట్రా ఇచ్చారేమో అనుకున్నాను. పెట్టాక రెండో సెల్ఫ్‌కే అంటుకుంది, వీధిలో పిల్లలు చప్పట్లు. ఆ ఉత్సాహంలో వాహన పూజకని సింహాచలం బయల్దేరాం. ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటేదాకా బ్రహ్మాండంగా వెళ్లింది, కొండ ఎక్కుతుండగా ఒక్కసారి ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయింది. అరగంట కూర్చుంటే మళ్లీ అంటుకుంది, కిందికి దిగాక మళ్లీ అంతే. అప్పన్న దర్శనం అవ్వలేదు.

జవాబు: అవుతుంది, తొందరేముంది. వేడెక్కితే ఆగి చల్లారితే నడిచే బండికి అనుమానితులు ముగ్గురు: కాయిల్, కండెన్సర్, పెట్రోల్ లైన్లో ఆవిరి. ఆగిన వెంటనే, చల్లారకముందే, ఆ లావు వైరు పరీక్ష చెయ్యండి, చల్లారాక చేస్తే ఏమీ తెలీదు. స్పార్క్ నీలంగా దూకుతుంటే ఇది ఇగ్నిషన్ కాదు, పెట్రోల్ సంగతి, తడిగుడ్డ తెచ్చి పెట్రోల్ పంపు మీద వేసి చూడండి. స్పార్క్ లేకపోతేనో, పసుపురంగులో నీరసంగా ఉంటేనో మొదటి ఇద్దరిలో ఒకరు.

నాకు కాయిల్ మీదే గురి. ఎందుకంటే ఒకటి, పాపం దాన్ని వారాల తరబడి ఉడకబెట్టారు. రెండు, అసలు అది మీ బండికి సరిపడే కాయిలేనా అని అనుమానం. బయట రెసిస్టర్‌తో కలిపి వాడాల్సిన కాయిల్స్ కూడా షాపుల్లో అదే ఆకారంలో అదే రంగులో దొరుకుతాయి, వాటి లావు చుట్టు 1.5 ఓమ్‌లు మాత్రమే, రెసిస్టర్ లేకుండా తిన్నగా 12 వోల్టులు ఇస్తే 8 ఆంపియర్లు లాగి అదీ కాలుతుంది, పాయింట్లనీ కాలుస్తుంది. రెండు చిన్న టెర్మినల్స్ వైర్లు తీసి మీటర్ పెట్టి కొలవండి, 3 దగ్గర ఉండాలి, 1.5 దగ్గర చూపిస్తే ఇచ్చినవాళ్లకే వెనక్కి ఇచ్చెయ్యండి. అన్నట్టు పాత కాయిల్ పారేశారా? పారెయ్యకపోతే అదే పెట్టి సింహాచలం వెళ్లండి, దాని తప్పేమీ లేదని నా నమ్మకం. పాత కండెన్సర్ కూడా అంతే, ఇప్పుడు డబ్బాలో కొత్తగా వస్తున్నవాటికంటే నలభై ఏళ్ల కింద వచ్చినవే నయం అనిపిస్తుంది ఒక్కోసారి, నాకు ముసలితనం వచ్చి అలా అనిపిస్తోందేమో కూడా.

ప్రశ్న: మాస్టారూ, మేం లాసన్స్ బే కాలనీలో ఉంటాం. నాన్నగారి అంబాసిడర్ నేనే నడుపుతాను. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే అస్సలు స్టార్ట్ అవ్వదు, ఎండెక్కాక తొమ్మిదింటికి ఒక్క సెల్ఫ్‌కే అంటుకుంటుంది. బ్యాటరీ కొత్తదే. ఇంట్లో అందరూ చలికి అలాగే ఉంటుందిలే అంటున్నారు.

జవాబు: విశాఖపట్నంలో చలికి ఇంజిన్ స్టార్ట్ అవ్వకపోవడమేంటమ్మా, మరీ విడ్డూరం. అది చలి కాదు, ఉప్పు. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు సన్నటి పొరలా డిస్ట్రిబ్యూటర్ మూత మీద, వైర్ల మీద, కాయిల్ మూతి దగ్గర పేరుకుంటుంది, ఎండలో అది పొడిగా ఉంటుంది కనక ఏ బాధా లేదు, రాత్రి మంచుకి తేమ పీల్చుకుని ఉప్పునీటి పొరైపోతుంది, అంత వోల్టేజీకి ప్లగ్గు దాకా వెళ్లడం కంటే ఆ తడిమీంచి జారి బాడీకి పోవడం సుఖం కదా మరి. ఒకరోజు తెల్లారకముందే లేచి లైట్లన్నీ కట్టేసి బానెట్ ఎత్తి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి, చీకట్లో వైర్ల మీద నీలంగా పురుగులు పాకినట్టు కనపడుతుంది, ఎక్కడ పాకుతోందో అదే రోగం.

మూత తీసి లోపలా బయటా పొడిగుడ్డతో తుడవండి, బాగా మురికిగా ఉంటే స్పిరిట్ అద్ది తుడిచి పూర్తిగా ఆరాకే పెట్టండి, తడి ఉండగా సెల్ఫ్ కొడితే ఆవిరి అంటుకోవచ్చు. వెలుతురులో మూతని తిప్పి తిప్పి చూడండి, రెండు ఇత్తడి కొసల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉందేమో. ఉంటే ఆ మూతకి నూకలు చెల్లాయి, ఆ గీత బొగ్గు, గీకితే పోయినట్టే ఉంటుంది, పది రోజులకి మళ్లీ వస్తుంది, కొత్తది వెయ్యాల్సిందే. వైర్ల చివర రబ్బరు టోపీలు పగిలి ఉంటాయి, అవీ మార్చండి. ఇవన్నీ చేసేలోపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాలి అనుకుంటే మీ హెయిర్ డ్రయర్ పట్టుకెళ్లి మూత మీద రెండు నిమిషాలు కొట్టండి, అంటుకుంటుంది. బీచ్ రోడ్డు వైపు ఉన్నవాళ్లందరికీ చెప్తున్నాను, నెలకోసారి ఆ మూత తుడుచుకోండి చాలు.

ప్రశ్న: ఈ పాయింట్ల గొడవే లేకుండా ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించేద్దామనుకుంటున్నాను. మంచిదేనా? మాది గాజువాక.

జవాబు: మంచిదే. గ్యాపు చూసే పని ఉండదు, మడమ అరగడం ఉండదు, చల్లటి ఇంజిన్ తొందరగా అంటుకుంటుంది. కానీ ఇప్పుడు స్పార్క్ రాని బండికి మాత్రం పెట్టకండి, ముందు పాయింట్లతోనే బాగు చేసి, ఓ నెల నడిపి, అప్పుడు పెట్టండి, లేకపోతే పాత జబ్బు మీద కొత్త వైరింగు పడి తప్పు ఎక్కడుందో దేవుడికి కూడా తెలీదు. కిట్‌తోపాటు ఏ కాయిల్ వాడమన్నారో చూసుకోండి, తక్కువ ఓమ్‌ల కాయిల్ పెడితే లోపల మాడ్యూల్, అంటే పాయింట్ల పని చేసే ఎలక్ట్రానిక్ ముక్క, చప్పుడు లేకుండా పోతుంది. పాయింట్లు దారిలో పోతే ఫైలు పెట్టి గీకి ఇంటికొస్తాం, మాడ్యూల్ పోతే తాడు కట్టి లాగించుకోవడమే, కాబట్టి తీసేసిన పాయింట్ల ప్లేటు, కండెన్సర్ గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. ఫైబర్ వాషర్లతో సహా.

ప్రశ్న: ప్లగ్గు చేత్తో పట్టుకుని స్పార్క్ చూస్తే ప్రమాదమా? మా ఊళ్లో అందరూ అలాగే చూస్తారు. (అనకాపల్లి నుంచి)

జవాబు: కరెంటు చాలా తక్కువ కాబట్టి ఆ దెబ్బకే మనిషి పోవడం అరుదు, కానీ ఉలిక్కిపడి చెయ్యి లాక్కునేటప్పుడు తిరిగే ఫ్యానులో పెట్టుకున్నవాణ్ణి నేను చూశాను, మూడు కుట్లు పడ్డాయి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పరీక్షలు చెయ్యకండి, ఆ బానెట్ దగ్గర కూడా నిలబడకండి. మిగతావాళ్లు ప్లగ్గుని వైరుకి తగిలించి, దాని ఇనప మెడని బ్లాకు మీద ఆనించి, చేతులు వెనక్కి పెట్టుకుని చూడండి, స్పార్క్ అలా కూడా కనపడుతుంది.